చరిత్రలో ఈ రోజు: తేదీల ఎంపిక, నిర్ధారణ (తణుకు, గోదావరి డెల్టా ఉదాహరణలతో)

చరిత్రలో ఈ రోజు అనేది సంవత్సరంలోని ఒక్కో తేదీకి గత కాలపు ఘటనలను, జననాలను, మరణాలను జతచేసి ప్రచురించే దైనిక శీర్షిక. దినపత్రికలు, పాఠశాలల ప్రార్థన సమావేశాలు, గోడ క్యాలెండర్లు, ఆకాశవాణి ప్రసంగాలు, అంతర్జాల విజ్ఞాన సర్వస్వాలు దీన్ని వాడుకుంటాయి. ఫిబ్రవరి 29ని కలుపుకొని ఇందులో 366 రోజులు ఉంటాయి. శీర్షిక తయారీలో రెండు పనులు ఉన్నాయి: ఏ ఘటనను చేర్చాలో ఎంచుకోవడం, ఆ ఘటన ఆ తేదీనే జరిగిందని ఆధారాలతో నిర్ధారించడం. ఈ వ్యాసం ఆ రెండింటి పద్ధతులను పశ్చిమ గోదావరి జిల్లా తణుకు, దాని చుట్టూ ఉన్న గోదావరి డెల్టా చరిత్ర ఆధారంగా వివరిస్తుంది.

పరిభాష

జయంతి: పుట్టిన రోజు వార్షిక స్మరణ. వర్ధంతి: మరణించిన రోజు వార్షిక స్మరణ. కుటుంబాల్లో తిథి ప్రకారం జరిపే ఆబ్దికం వేరు, సభలు జరిపే వర్ధంతి వేరు. మొదటిది చాంద్రమానాన్ని, రెండోది సాధారణంగా ఇంగ్లీషు తేదీని అనుసరిస్తుంది.

రజతోత్సవం, స్వర్ణోత్సవం, వజ్రోత్సవం వరుసగా 25, 50, 60 ఏళ్లకు వాడే పేర్లు. వజ్రోత్సవాన్ని 75 ఏళ్లకు వాడేవారూ ఉన్నారు. అందువల్ల శీర్షికల్లో పేరు పక్కన ఏళ్ల సంఖ్యను కూడా ఇస్తారు.

శతజయంతి: నూరేళ్లు నిండిన రోజు. శతజయంతి సంవత్సరం మాత్రం తొంభై తొమ్మిదేళ్లు నిండిన రోజున మొదలై నూరేళ్లు నిండిన రోజున ముగుస్తుందని కొందరు, నూరేళ్లు నిండిన రోజునే మొదలవుతుందని మరికొందరు లెక్కిస్తారు. 1921లో పుట్టిన వ్యక్తికి 2021లో వచ్చేది నూరో జయంతి. పుట్టిన రోజును కూడా ఒకటిగా లెక్కించి 101వ జయంతి అని రాయడం తరచుగా కనిపించే పొరపాటు.

చరిత్ర

తేదీవారీ స్మరణకు తెలుగునాట పాత రూపం పంచాంగం. అది పండుగలతో పాటు దేవతల, ఆచార్యుల, వాగ్గేయకారుల జయంతులను, పుణ్యతిథులను మాస, పక్ష, తిథులతో సూచిస్తుంది. తాళ్లపాక అన్నమాచార్యుల నిర్యాణాన్ని దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశిగా రాగిరేకు ఒకటి నమోదు చేసింది. చరిత్రకారులు దాన్ని 1503 ఫిబ్రవరి 23గా మార్చి చెబుతారు. వర్ధంతిని మాత్రం నేటికీ తిథి ప్రకారమే జరుపుతారు.

ఇంగ్లీషు తేదీల క్రమంలో ఘటనలను కూర్చిన పుస్తకాల్లో రాబర్ట్ ఛాంబర్స్ 1860లలో ఎడిన్‌బరోలో వెలువరించిన ‘బుక్ ఆఫ్ డేస్’ పేరుపొందింది. తెలుగులో ఈ పద్ధతి పత్రికల ద్వారా వ్యాపించింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తన మొదటి పేజీలో ‘చరిత్రలో ఈ రోజు’ను ఒక విభాగంగా నిర్వహిస్తోంది. అందులో ప్రతి తేదీకి సంఘటనలు, జననాలు, మరణాలు, పండుగలు–జాతీయ దినాలు అనే విభజనతో విడి పేజీ ఉంది.

రకాలు

స్థిర తేదీ ఘటనలు: ఒకే రోజున జరిగి, ఆ రోజు రికార్డుల్లో ఉన్నవి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం (1881 డిసెంబరు 11) ఇటువంటిది.

వరుస ఘటనలు: కొన్ని రోజుల పాటు సాగినవి. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడి చేసింది. ఇటువంటి వాటిని మొదటి రోజు కింద చేర్చి మిగతా రోజులను వాక్యంలో చెబుతారు.

దీర్ఘకాలిక ఘటనలు: ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇలాంటి పనికి ఒకే తేదీ సహజంగా ఉండదు. డెల్టాలో ఆనకట్ట స్మరణ అంతా సర్ ఆర్థర్ కాటన్ జయంతి అయిన మే 15కు (జననం 1803) చేరింది.

తిథి లేదా గ్రహ సంచారం ప్రకారం వచ్చేవి: ఉగాది, అన్నమయ్య వర్ధంతి, బృహస్పతి రాశి మార్పును బట్టి వచ్చే గోదావరి పుష్కరాలు. పుష్కరాలు 2003లో జూలై 30న, 2015లో జూలై 14న మొదలయ్యాయి. వీటికి స్థిర పుటలో చోటు ఉండదు, ఏటా కొత్తగా లెక్కించాలి.

ప్రకటిత దినాలు: ప్రభుత్వమో సంస్థో నిర్ణయించినవి. గిడుగు వెంకట రామమూర్తి జయంతి ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. వీరేశలింగం జయంతి ఏప్రిల్ 16 (జననం 1848) ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవం.

ఎంపిక సూత్రాలు

ఒక రోజుకు సాధారణంగా మూడు నుంచి ఆరు అంశాలకే చోటు ఉంటుంది. ఎంపికలో ఈ కింది విషయాలు చూస్తారు.

1. ప్రభావం: ఘటన తరువాత ఏం మారిందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

2. స్థానికత: తణుకు పాఠకుడికి మండపాక, ఖండవల్లి తెలిసిన ఊళ్లు. కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ మండపాకలో 1921 ఆగస్టు 1న, రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం ఖండవల్లిలో 1867 సెప్టెంబరు 26న జన్మించారు. జాతీయ జాబితాల్లో ఈ పేర్లు కనబడకపోయినా జిల్లా శీర్షికలో ముందు వరుసలో ఉంటాయి.

3. వైవిధ్యం: రాజులు, రాజకీయ నాయకులతోనే పుట నిండకుండా సాహిత్యం, సేద్యం, పరిశ్రమ, ప్రకృతి వైపరీత్యాలు, స్త్రీల చరిత్ర వంటి రంగాలకు చోటివ్వడం.

4. గుండు సంఖ్యలు: 25, 50, 100, 125, 150 ఏళ్లు నిండిన అంశాలను ఆ ఏడు ముందుకు తెస్తారు. 2022 జూలై 4న భీమవరంలో ప్రధానమంత్రి ఆవిష్కరించిన 30 అడుగుల అల్లూరి విగ్రహం ఆయన 125వ జయంతికి సంబంధించినది.

5. ఆధార బలం: రెండు అంశాలు సమాన ప్రాముఖ్యం కలవైతే, బలమైన ఆధారం ఉన్నదాన్ని ఎంచుకుంటారు.

6. స్వరం: దుర్ఘటనలను వేడుకల పక్కన వేడుకల భాషలో రాయరు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6 కోనసీమ తుఫాను, 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 27 మంది ప్రాణాలు తీసిన తొక్కిసలాట ఈ కోవలోవి.

తేదీ నిర్ధారణ: ఆధారాల తరగతులు

ఘటన జరిగిన కాలంలోనే పుట్టిన పత్రం మొదటి తరగతి ఆధారం. రాతి శాసనాలు, రాగి శాసనాలు, ప్రభుత్వ గెజిట్లు, జనన మరణ రిజిస్టర్లు, కోర్టు, పోలీసు రికార్డులు, ఉత్తరాలు, డైరీలు, ఆనాటి పత్రికలు ఇందులోకి వస్తాయి. దినపత్రిక తేదీని ఘటన తేదీగా తీసుకోరాదు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15 రాత్రి మరణించారు. ఆ వార్త మరునాటి పత్రికల్లో వచ్చింది.

ఆత్మకథలు, సమకాలికుల జ్ఞాపకాలు రెండో తరగతి. వీరేశలింగం, చిలకమర్తి ఇద్దరూ స్వీయచరిత్రలు రాశారు. సొంత అనుభవానికి ఇవి విలువైనవే. అయినా ఏళ్లు గడిచాక రాసినవి కాబట్టి తేదీలను వేరే పత్రంతో సరిపోల్చాలి.

జిల్లా గెజిటీర్లు, జీవిత చరిత్రలు, సాహిత్య చరిత్రలు మూడో తరగతి. హెన్రీ మోరిస్ 1878లో వెలువరించిన గోదావరి జిల్లా వివరణ వంటివి ఇందులోకి వస్తాయి. క్యాలెండర్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, వాట్సాప్ సందేశాలు ఆధారాలు కావు, వెతకడానికి ఆనవాళ్లు మాత్రమే. ఒకే పుస్తకం నుంచి నకలు చేసుకున్న పది జాబితాలు పది ఆధారాలు కావు, ఒక్కటే అవుతాయి. ఈ ప్రాంత పరిశీలకులకు రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలో భద్రపరిచిన పాత పత్రికలు ఉపకరిస్తాయి.

కాలమాన మార్పిడి

గోదావరి ప్రాంతపు పాత పత్రాల్లో కనీసం నాలుగు కాలగణనలు ఎదురవుతాయి.

శాలివాహన శకం: శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. జనవరి నుంచి ఉగాది లోపు తేదీలకు 79 కలపాలి.

ప్రభవాది సంవత్సరాలు: అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది. తిలక్ పుట్టిన దుర్మతి మళ్లీ 1981లో వచ్చింది. కాబట్టి సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అది ఏ అరవై ఏళ్ల చక్రంలోదో వేరే ఆధారంతో తేల్చాలి.

ఫసలీ: రెవెన్యూ లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే మొదటి సగం పడే క్రీస్తు శక సంవత్సరం వస్తుంది. ఫసలీ 1332 అంటే 1922 జూలై 1 నుంచి 1923 జూన్ 30 వరకు.

జూలియన్, గ్రెగోరియన్ తేదీలు: పదిహేడో శతాబ్దిలో పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు వర్తక స్థావరాలు నడిపారు. డచ్చివారిది కొత్త గ్రెగోరియన్ పద్ధతి, ఇంగ్లీషువారిది పాత జూలియన్ పద్ధతి. ఒకే రోజున రాసిన రెండు కంపెనీల ఉత్తరాల తేదీల మధ్య పది రోజుల తేడా ఉండేది. పైగా ఇంగ్లీషువారికి మార్చి 25న కొత్త సంవత్సరం మొదలయ్యేది. 1752లో బ్రిటన్ పద్ధతి మార్చుకోవడంతో ఈ తేడా పోయింది.

పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డ జాతకంలో ముందు రోజు వారమే ఉంటుంది. మార్పిడిలో ఒక రోజు తేడా రావడానికి ఇది ముఖ్య కారణం. శాసన తేదీల మార్పిడికి సెవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ 1896లో వెలువరించిన గ్రంథం, ఎల్.డి. స్వామికన్ను పిళ్లై పట్టికలు చిరకాలంగా ప్రామాణికాలు.

నిర్ధారణకు ఉదాహరణలు

రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం. ఆదికవి నన్నయకు తణుకుతో సంబంధం ఉందని స్థానిక సంప్రదాయం. ఆయన పుట్టిన తేదీ గాని మరణించిన తేదీ గాని ఏ శాసనంలోనూ లేవు. అందుచేత నన్నయ పేరుతో దినసూచిలో స్థిర తేదీ ఇవ్వలేం. ఆయనను పోషించిన రాజుకు మాత్రం ఇవ్వగలం. కోరుమిల్లి రాగి శాసనం పట్టాభిషేక సమయాన్ని శ్లోకంలో చెప్పింది. శక సంవత్సరం అందులో వేద, అంబురాశి, నిధి అనే సంకేత పదాల్లో ఉంది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. కుడి నుంచి ఎడమకు చదివితే 944. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడు, కృష్ణపక్ష విదియ, ఉత్తరాభాద్ర నక్షత్రం, గురువారం, తులా లగ్నం. 944కు 78 కలిపితే 1022. ఆ ఏడు సింహమాసంలో బహుళ విదియ ఆగస్టు 16న పడింది, ఆ రోజు గురువారమే అయింది. తిథి, వారం, సౌరమాసం విడివిడిగా లెక్కించినా ఒకే రోజును చూపడం వల్ల ఈ తేదీ గట్టిది. ఇది జూలియన్ తేదీ. గ్రెగోరియన్ క్రమంలోకి మారిస్తే ఆగస్టు 22 అవుతుంది. 1582కు ముందటి తేదీలను జూలియన్‌లోనే ఉంచడం చరిత్రకారుల వాడుక. శీర్షిక ఏ పద్ధతిని పాటించినా ఏడాది పొడవునా అదే పాటించాలి.

భక్త ప్రహ్లాద విడుదల. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు రాశాయి, సభలు జరిగాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి సెన్సార్ వివరాలను, పత్రికల ప్రకటనలను పరిశీలించారు. చిత్రం 1932 జనవరి 22న సెన్సార్ అయి, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్‌లో విడుదలైందని ఆయన చూపారు. సెన్సార్ కాని చిత్రం అంతకు నాలుగు నెలల ముందు ప్రదర్శితమయ్యే వీలు లేదు. వారాలు చూసినా 1931 సెప్టెంబరు 15 మంగళవారం, 1932 ఫిబ్రవరి 6 శనివారం. 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన కాళిదాస్ చిత్రం కూడా శనివారమే వచ్చింది. వారం ఒక్కటే నిర్ణాయకం కాదు, అది పత్రాధారానికి తోడు మాత్రమే. ఇప్పుడు తెలుగు సినిమా దినోత్సవాన్ని ఫిబ్రవరి 6న జరుపుతున్నారు.

అల్లూరి జననం. రోజు విషయంలో జూలై 4 అని అందరూ అంటారు. సంవత్సరం ఎక్కువ రచనల్లో 1897, కొన్నింటిలో 1898. జన్మస్థలంగా విశాఖ ప్రాంతపు పాండ్రంగి పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఆయన కుటుంబం భీమవరం దగ్గరి మోగల్లుకు చెందినది కావడంతో మోగల్లు పేరు కూడా చెబుతారు. ఇటువంటి అంశాన్ని ప్రచురించేటప్పుడు రోజు కింద చేర్చి, ప్రభుత్వం పాటించే 1897ను ప్రధానంగా ఇచ్చి, రెండో సంవత్సరాన్ని కూడా పేర్కొంటారు. 1924 మే 7 నాటి మరణం విషయంలో ఇంతటి సందేహం లేదు.

డొక్కా సీతమ్మ. గోదావరి లంకల్లో అన్నదానంతో పేరుపొందిన ఈమె 1841లో జన్మించారు. మరణం 1909 ఏప్రిల్ 28. మరణ తేదీయే స్పష్టంగా ఉన్నందున ఈమెను వర్ధంతి కింద చేరుస్తారు. జనన నమోదు లేని కాలంలో పేదలు, స్త్రీలు, చేతివృత్తులవారి విషయంలో ఇదే పరిస్థితి. జయంతులకే పరిమితమైన దినసూచిలో వీరి సంఖ్య తగ్గిపోతుంది.

1986 గోదావరి వరద. భద్రాచలం వద్ద నీటిమట్టం 1986 ఆగస్టు 16న 75.6 అడుగులకు చేరింది. వరద ఉధృతి దిగువకు చేరడానికి సమయం పడుతుంది. కాబట్టి భద్రాచలం తేదీని డెల్టాలోని ప్రతి గట్టుకూ అన్వయించరాదు. అంశంలో ఊరి పేరు, కొలత చూసిన చోటు తప్పనిసరిగా ఉండాలి.

తరచుగా వచ్చే దోషాలు

పాఠశాల రికార్డు తేదీ: పిల్లవాడిని బడిలో చేర్చేటప్పుడు ఉజ్జాయింపుగా రాయించిన పుట్టిన రోజు తరువాత సర్వీసు రిజిస్టరులోకి, జీవిత చరిత్రలోకి చేరుతుంది. జాతకచక్రం ఉంటే దానిలోని సంవత్సర, మాస, తిథి, వార, నక్షత్రాలతో సరిచూస్తారు.

సంస్థ స్థాపన: రిజిస్ట్రేషన్, శంకుస్థాపన, ప్రారంభోత్సవం, ఉత్పత్తి ఆరంభం వేరువేరు తేదీలు. 1947లో తణుకులో ఏర్పడిన ఆంధ్రా షుగర్స్ వంటి కర్మాగారాల విషయంలో ఏ తేదీ ఇస్తున్నారో చెప్పాలి.

నేటి పాలనా విభాగాలను గతానికి అంటగట్టడం: ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. పాత ఘటనకు నాటి జిల్లా పేరు రాసి, అవసరమైతే నేటి పేరును జతచేస్తారు.

తేదీ అంకెల తారుమారు: 4–7–1897ను నెల ముందు రాసే పద్ధతిలో చదివితే ఏప్రిల్ 7 అవుతుంది. నెల పేరును అక్షరాల్లో రాస్తే ఈ ఇబ్బంది ఉండదు.

వివాదాస్పద దినాలు

కొన్ని రోజుల విషయంలో తేదీపై తగాదా ఉండదు, పేరుపైనే ఉంటుంది. 1948 సెప్టెంబరు 17ను విమోచన, విలీన, సమైక్యతా దినాలుగా వేరువేరు పక్షాలు పిలుస్తాయి. దినసూచి ఆ రోజున నిజాం కాల్పుల విరమణ ప్రకటించిన ఘటనను చెప్పి, మూడు పేర్లనూ ప్రస్తావిస్తుంది. రాష్ట్రావతరణకు సంబంధించి ఆంధ్ర రాష్ట్రం (1953 అక్టోబరు 1), ఆంధ్రప్రదేశ్ (1956 నవంబరు 1), తెలంగాణ ఏర్పాటుతో రాష్ట్ర విభజన (2014 జూన్ 2) మూడు వేర్వేరు ఘటనలు. ఒకదాని బదులు మరొకదాన్ని కాకుండా మూడింటినీ వాటి వాటి రోజుల్లో నమోదు చేస్తారు.

నమోదు పత్రం

ప్రతి అంశానికి ఒక పత్రం ఉంచడం సంపాదకుల పద్ధతి. అందులో తేదీ, మూల పత్రంలోని కాలగణన, మార్పిడి చేసిన విధానం, వారం, స్థలం, రెండు స్వతంత్ర ఆధారాలు, భిన్నాభిప్రాయం, చివరిసారి సరిచూసిన సంవత్సరం ఉంటాయి. అంశాలను నిర్ధారితం, సంప్రదాయం, వివాదం అని మూడుగా విభజిస్తారు. నిర్ధారిత అంశాలే నేరుగా ప్రచురణకు వెళ్తాయి. సంప్రదాయాన్ని ‘ప్రతీతి’ అని స్పష్టంగా చెప్పి ఇస్తారు. వివాదం ఉన్నవాటిలో రెండు తేదీలూ ఇస్తారు. ఫిబ్రవరి 29 నాటి అంశాలను సాధారణ సంవత్సరాల్లో ఫిబ్రవరి 28న ఇవ్వాలా, మార్చి 1న ఇవ్వాలా అన్నది ముందే నిర్ణయించుకుంటారు.

తణుకు ప్రాంతానికి నమూనా దినసూచి

ఏప్రిల్ 4: కొత్త జిల్లాల ఏర్పాటు (2022).
ఏప్రిల్ 16: కందుకూరి వీరేశలింగం జననం, రాజమహేంద్రవరం (1848).
ఏప్రిల్ 28: డొక్కా సీతమ్మ మరణం (1909).
మే 15: సర్ ఆర్థర్ కాటన్ జననం (1803).
మే 27: వీరేశలింగం మరణం (1919).
జూలై 4: అల్లూరి సీతారామరాజు జననం (1897, 1898 అని మరో మాట).
జూలై 24: కాటన్ మరణం (1899).
ఆగస్టు 1: దేవరకొండ బాలగంగాధర తిలక్ జననం, మండపాక (1921). ఆయన కవితా సంపుటి ‘అమృతం కురిసిన రాత్రి’కి 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.
ఆగస్టు 16: రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం (1022, జూలియన్), భద్రాచలం వద్ద గోదావరి గరిష్ఠ మట్టం (1986).
సెప్టెంబరు 26: చిలకమర్తి లక్ష్మీనరసింహం జననం, ఖండవల్లి (1867).
నవంబరు 6: కోనసీమ తుఫాను (1996).
డిసెంబరు 11: రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం (1881).

ప్రాముఖ్యం

దినసూచిలోని ఒక వాక్యం ఆధారంగా పాఠశాలలు సభలు జరుపుతాయి, ప్రభుత్వాలు దినోత్సవాలు ప్రకటిస్తాయి, తరువాతి రచయితలు పుస్తకాలు రాస్తారు. భక్త ప్రహ్లాద విషయంలో తప్పు తేదీ అనేక దశాబ్దాలు చెలామణిలో ఉండడానికి ఈ గొలుసే కారణం. మరోవైపు, తేదీ దొరికినవారే స్మరణకు నోచుకోవడం ఈ ప్రక్రియకు సహజమైన పరిమితి. దాన్ని తగ్గించడానికి తేదీ తెలియని వ్యక్తులను వారి జీవితంలో తేదీ తెలిసిన ఘటనల ద్వారా చేర్చే పద్ధతిని సంపాదకులు అనుసరిస్తారు. నన్నయ ప్రస్తావన రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం కింద రావడం అటువంటిదే.